బెణుకు అనుకునే ముందు ఒక్క ఎక్స్‌రే

సంపాదకుల గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ ఆరోగ్య పేజీలో ఎముకల క్యాన్సర్ గురించి అర కాలమ్ వ్యాసం వచ్చింది. ఎముకల క్యాన్సర్ అంటే అంతా ఒకటే జబ్బు అన్నట్టు రాశారు. చివర్లో 'ఈ జబ్బు వస్తే కాలో చెయ్యో తీసేయక తప్పదు' అని ముగించారు. ఆ మాట చదివి ఏ పల్లెలోనైనా ఒక తల్లి బిడ్డను ఆసుపత్రికి తీసుకుపోవడం మానేసిందేమోనని నాకు రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. కాలు తీసేస్తారన్న భయంతో బిడ్డను వెనక్కి తీసుకుపోయిన తండ్రిని నేను కళ్లారా చూశాను. అందుకే ఈ ఉత్తరం. కాస్త పొడుగైనా కత్తిరించకుండా వేయమని వేడుకుంటున్నాను.

నేను అనంతపురం జిల్లా కళ్యాణదుర్గం దగ్గర ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో వ్యాయామ ఉపాధ్యాయుణ్ని. 24 ఏళ్లుగా పిల్లల మోకాళ్లు, మడమలు, మణికట్లు చూస్తూనే ఉన్నాను. ఖోఖో కోర్టులో పడి లేచిన బిడ్డ నాలుగు అడుగులు వేస్తే చాలు, ఏది బెణుకో ఏది కాదో పీఈటీ సార్ చెప్పేస్తాడని ఊళ్లో పేరు. 2022 నవంబరులో మా అమ్మాయి ఎడమ మోకాలి పైన నొప్పి అంటే 'బెణికిందిలే' అని చెప్పింది కూడా నేనే. అప్పుడు తనకు 14 ఏళ్లు, తొమ్మిదో తరగతి. జిల్లా ఖోఖో సెలెక్షన్స్ అయి నాలుగు రోజులైంది. స్ప్రే కొట్టి, క్రేప్ బ్యాండేజీ చుట్టి, వారం రోజులు గ్రౌండుకు రావద్దన్నాను.

వారం గడిచింది. పరుగు లేదు, నొప్పి మాత్రం అలాగే ఉంది. బెణుకైతే విశ్రాంతికి తగ్గాలి. నా వృత్తిలో ఇది మొదటి పాఠం. అయినా ఇంకో వారం చూద్దామన్నాను. ఒక రాత్రి రెండు గంటలప్పుడు నీళ్లు తాగడానికి లేస్తే పాప మంచం మీద లేదు. నడవలో తాడిపత్రి బండల మీద బోర్లా పడుకుని, ఆ కాలిని బండకు ఆనించుకుని ఉంది. తల కింద దిండు కూడా తెచ్చుకుంది. "ఏమైంది తల్లీ" అంటే, "బండ సల్లగుంటాంది నాయనా, ఇట్ల పెడితే నొప్పి తెలియదు" అంది. చెయ్యి వేసి చూశాను. మోకాలికి పైన, తొడ లోపలి వైపు వేడిగా ఉంది. కుడి కాలితో పోలిస్తే అక్కడ కాస్త ఉబ్బెత్తుగా, గట్టిగా చేతికి తగిలింది. దిండు తెచ్చుకుందంటే అది మొదటి రాత్రి కాదు. ఎన్నాళ్లుగా అలా పడుకుంటోందో నేను అడగలేదు. ఇప్పటికీ అడగలేదు.

మర్నాడే ఒక క్లినిక్‌లో చూపించాం. ఎదిగే పిల్లలకు ఇవి మామూలే అన్నారు. ఇంజెక్షన్, నొప్పి మాత్రలు, క్యాల్షియం. పది రోజులు తగ్గినట్టే ఉండి మళ్లీ మొదలైంది. తర్వాత మా అత్తగారి ఊళ్లో కట్టు కట్టే ఆయన దగ్గరికి తీసుకుపోయారు. నూనె రాసి నలిపి, ఆకుపసరు వేసి కట్టాడు. మన సీమలో కట్టు వైద్యం మీద ఉన్న నమ్మకాన్ని నేను కించపరచను. చేతులు విరిగి కట్టుతో బాగుపడిన వాళ్లు మా ఇంట్లోనే ఉన్నారు. కానీ దెబ్బ తగలకుండా వాచిన ఎముకను ఎవ్వరూ నలపకూడదు. లోపల గడ్డ తినేసిన ఎముక డొల్లగా ఉంటుంది. లాగితే, నలిపితే విరగొచ్చు. విరిగిందంటే గడ్డలోని రక్తం, దాంతో పాటు క్యాన్సర్ కణాలు చుట్టూ కండలోకి పాకుతాయి. అప్పుడు కాలు నిలబెట్టడం డాక్టర్లకు మరీ కష్టం. ఈ సంగతులన్నీ మాకు ఆ తర్వాత తెలిశాయి.

ఎక్స్‌రే తీయించింది సంక్రాంతి వెళ్లిన మూడో రోజు. ఫిల్మును కిటికీ వెలుతురుకు పెట్టి నేనూ చూశాను. తొడ ఎముక కింది చివర అంచు చెరిగిపోయింది. అక్కడి నుంచి సన్నని గీతలు, చిన్నపిల్లలు సూర్యుడి బొమ్మకు కిరణాలు గీసినట్టు, కండలోకి పొడుచుకొచ్చాయి. దాన్ని డాక్టర్లు సన్‌బర్స్ట్ అంటారట. దానికి కాస్త పైన ఎముక పైపొర లేచి చిన్న త్రికోణంలా నిలబడింది. దాని పేరు కాడ్‌మన్ త్రికోణం. ఆ ఎక్స్‌రేకు మా దగ్గర తీసుకున్నది 300 రూపాయలు. తొమ్మిది వారాల పాటు ఆ 300 రూపాయల పని నేను చేయించలేదు.

ఆ తర్వాత జరగబోయింది ఇంకా పెద్ద పొరపాటు. పట్టణంలో ఒక నర్సింగ్ హోమ్‌లో ఫిల్ము చూసిన డాక్టర్ గారు, రేపే చేరండి, కోసి ముక్క తీసి టెస్టుకు పంపిద్దాం, చిన్న పనే అన్నారు. మేం ఒప్పుకున్నాం. అడ్వాన్సు కూడా కట్టాం. అక్కడ స్టాఫ్ నర్సుగా పనిచేస్తున్న అమ్మాయి మా స్కూల్లో చదివిన పిల్లే. సాయంత్రం మెట్ల దగ్గర నన్ను ఆపి, గొంతు తగ్గించి, "సార్, ఈడ కోత పెట్టియొద్దండి. ముక్క కూడా తీపియొద్దు. రాత్రి బస్సుకే బెంగళూరు పోండి" అంది. తన ఉద్యోగం పోయే మాట అది. ఆమె ఆ మాట అనకపోతే మా పాప కాలు ఈ రోజు ఉండేది కాదేమో.

ఎందుకంటే ఎముక గడ్డలో బయాప్సీ, అంటే పరీక్షకు ముక్క తీయడం, చిన్న పని కాదు. సూది గానీ కత్తి గానీ ఏ దారిలో లోపలికి పోతుందో ఆ దారి పొడవునా క్యాన్సర్ కణాలు అంటుకుంటాయి. రేపు పెద్ద ఆపరేషన్ చేసేటప్పుడు ఆ దారినంతా, పైన చర్మంతో సహా, గడ్డతో కలిపి తీసేయాలి. అడ్డదిడ్డంగా కోసి ఉంటే తీయాల్సిన కండ, చర్మం పెరిగిపోతాయి. ఒక్కోసారి కాలే తీయాల్సి వస్తుంది. అందుకే ఆపరేషన్ ఎవరు చేస్తారో బయాప్సీ కూడా వాళ్ల చేతనే, లేదా వాళ్లు చూపిన చోటే చేయించాలి. ఎంఆర్‌ఐ దానికంటే ముందే తీయాలి. బెంగళూరులో సర్జన్ గారు మా పాప తొడ మీద మార్కర్ పెన్నుతో నిలువుగా ఒక గీత గీశారు. "నాలుగు నెలల తర్వాత నేను కోయబోయేది ఇక్కడ" అన్నారు. ఆ గీత మీదనే సూది గుచ్చి అగ్గిపుల్లంత సన్నని ముక్కలు మూడు తీశారు. కుట్టు కూడా పడలేదు. మిగతా పరీక్షలు, అంటే ఛాతీ సీటీ, ఒళ్లంతటి ఎముకల స్కాన్ ఆ వారంలోనే అయ్యాయి. పది రోజులకు రిపోర్టు వచ్చింది. ఆస్టియోసార్కోమా.

ఆ వార్డులో ఎవరూ 'ఎముకల క్యాన్సరా?' అని అడగరు. 'మీది ఏది?' అని అడుగుతారు. ఏది అన్నదాన్ని బట్టే మందు, ఆపరేషన్, ఎన్నాళ్లు, ఎంత ఆశ అన్నీ మారిపోతాయి. మీ వ్యాసంలో లోపించింది ఇదే.

ఆస్టియోసార్కోమా పదేళ్ల నుంచి ఇరవై ఏళ్ల లోపు పిల్లల్లో, గబగబా ఎత్తు పెరిగే వయసులో ఎక్కువ. ఎముక పెరిగే చోటు మోకాలి చుట్టుపక్కలే కాబట్టి ఎక్కువగా అక్కడే వస్తుంది. తొడ ఎముక కింది చివర, పిక్క ఎముక పైచివర, ఆ తర్వాత భుజం దగ్గర. ఏడాదికి పది లక్షల మందిలో ముగ్గురు నలుగురికి వచ్చే జబ్బు. మామూలు క్లినిక్ నడిపే డాక్టర్ తన సర్వీసు మొత్తంలో ఒక్క కేసైనా చూడకపోవచ్చు. అందుకే మాకు క్యాల్షియం రాసిన ఆయన మీద నాకు కోపం లేదు. ఈ గడ్డ ముందుగా పోయేది ఊపిరితిత్తులకు. ఎక్స్‌రేలో మచ్చ కనపడకపోయినా చాలామందిలో కంటికి కనపడని కణాలు అప్పటికే అక్కడికి చేరి ఉంటాయట. కీమో లేని కాలంలో కాలు తీసేసినా నూటికి ఎనభై మంది దక్కకపోవడానికి కారణం అదే. 1970లలో కీమో వచ్చాక, జబ్బు ఇంకా పాకకముందు వచ్చిన పిల్లల్లో నూటికి 60 నుంచి 70 మంది బతుకుతున్నారు. రేడియేషన్‌కు మాత్రం ఇది పెద్దగా లొంగదు.

కీమో ముందు, ఆపరేషన్ తర్వాత, మళ్లీ కీమో. ఇదీ వరస. గడ్డ అంత పెద్దదిగా కనపడుతుంటే ముందు కోసి తీసేయకుండా మూడు నెలలు మందు ఎక్కిస్తారేమిటని మా బంధువులందరూ అడిగారు. ఒంట్లో ఎక్కడెక్కడో దాగిన కణాలకు ఆ రోజు నుంచే మందు పడాలి, గడ్డ గట్టిపడి చుట్టూ ఉన్న కండ నుంచి విడివడాలి, పైగా మందు పనిచేస్తోందో లేదో తెలియాలి. మా పాపకు మూడు మందులు ఇచ్చారు. డాక్సోరూబిసిన్, సిస్ప్లాటిన్, పెద్ద మోతాదులో మెథోట్రెక్సేట్. మొదటిది ఎర్రగా ఉంటుంది. వార్డులో పిల్లలంతా దాన్ని ఎర్ర నీళ్లు అంటారు. అది గుండె మీద ప్రభావం చూపుతుందని మధ్య మధ్యలో ఎకో తీస్తారు. సిస్ప్లాటిన్‌తో చెవులు, కిడ్నీలు చూసుకోవాలి. మెథోట్రెక్సేట్ అయితే చెప్పనే అక్కర్లేదు. ఆ మోతాదు విరుగుడు మందు లేకుండా ఇస్తే మనిషి ప్రాణానికే ముప్పు. ఎక్కించిన మర్నాటి నుంచి ఆరు గంటలకొకసారి ల్యూకోవోరిన్ ఇస్తారు. రక్తంలో మందు ఎంత మిగిలిందో రోజూ కొలుస్తారు. ఈ కొలత అన్ని ఊళ్లలోనూ కుదరదు కాబట్టి మన దేశంలో చాలాచోట్ల మెథోట్రెక్సేట్ లేకుండా ఐఫాస్ఫమైడ్ కలిపిన పద్ధతి వాడతారని డాక్టర్లు చెప్పారు.

మా ఆవిడ ఏడో తరగతితో చదువు ఆపేసిన మనిషి. పాప పాస్‌కు వెళ్లిన ప్రతిసారీ ఒక కాగితం పట్టీని ముంచి, దాని రంగును డబ్బా మీద రంగులతో పోల్చి చూడాలి. ఆకుపచ్చగా తిరిగితే సరే. పసుపుగానే ఉంటే నర్సును పిలవాలి, సెలైన్‌లో సోడా మందు పెంచుతారు. మూత్రం పుల్లబడితే మెథోట్రెక్సేట్ కిడ్నీలో గడ్డకడుతుంది. రాత్రి పగలు అని లేకుండా, సెల్‌ఫోన్ టార్చి వెలుతురులో ఆ పట్టీ చూసి, నోటుపుస్తకంలో టైమ్ వేసి రంగు రాసేది. ఆ నోటుపుస్తకం ఇప్పటికీ బీరువాలో ఉంది. నోరంతా పుండ్లు పడి పాప మింగలేక ఏడ్చిన రోజుల్లో రాగిజావను వడగట్టి స్ట్రాతో తాగించేది. నేను బయట వరండాలో కూర్చునేవాణ్ని. ఆ ఏడ్పు వినలేక.

మే నెలలో ఆపరేషన్. తొడ ఎముక కింది భాగం, మోకాలి కీలుతో సహా తీసి లోహపు ఎముక, లోహపు కీలు అమర్చారు. దాన్ని మెగాప్రోస్థెసిస్ అంటారు. విదేశీదైతే లక్షల మీద మాట. చెన్నైలో డాక్టర్ మయిల్‌వాహనన్ నటరాజన్ లాంటి సర్జన్ల కృషితో మన దేశంలో తయారైనవి వచ్చాక మాలాంటి వాళ్లకు అందుబాటులోకి వచ్చింది. ఆడపిల్లలకు 14 ఏళ్లకు ఎత్తు దాదాపు పెరిగిపోతుంది కాబట్టి కాలు పెద్దగా పొట్టి కాలేదు. చెప్పులో చిన్న ఎత్తు వేయించాం, అంతే. పక్క గదిలో ఇంకో పిల్లాడికి వాడి ఎముకనే బయటికి తీసి, ఒక్కసారిగా పెద్ద మోతాదు రేడియేషన్ ఇచ్చి, క్యాన్సర్ కణాలు చచ్చాక అదే ఎముకను తిరిగి పెట్టి ప్లేట్లు బిగించారు. అలాంటి పద్ధతి ఉంటుందని నేను కలలో కూడా అనుకోలేదు. తీసిన గడ్డను ల్యాబ్‌లో ముక్కలు ముక్కలుగా చూసి, కీమోకు ఎంత శాతం చచ్చిందో లెక్క కడతారు. 90 దాటితే మంచి సూచన. మా పాపకు 94 వచ్చింది. ఆ కాగితం చేతికిస్తూ సర్జన్ గారు నవ్వడం చూసి మాకు ఊపిరి వచ్చింది. మళ్లీ కీమో. మొత్తం పది నెలలు.

అందరికీ కాలు దక్కుతుందని నేను చెప్పడం లేదు. రక్తనాళాలను, నరాలను గడ్డ చుట్టేసి ఉంటే తీయక తప్పదు. కానీ ఇప్పుడు ఎక్కువ మందికి కాలు నిలుస్తోంది. నేను మొదట చెప్పిన తండ్రి మా జిల్లా వాడే. కొడుక్కి 16 ఏళ్లు, పిక్క ఎముకలో ఇదే గడ్డ. మాతో పాటే బయాప్సీ అయింది. ఎవరో 'కాలు తీస్తారు' అన్నారని ఆ రాత్రే పిల్లాణ్ని తీసుకుని వెళ్లిపోయాడు. డాక్టర్లు ఆ మాట అననే లేదు. నాలుగు నెలలకు తిరిగొచ్చారు. అప్పటికి పిల్లాడు మూడు మెట్లు ఎక్కితే ఆయాసపడుతున్నాడు. ఊపిరితిత్తుల్లో మచ్చలు కొద్దిగా ఉంటే వాటిని కూడా ఆపరేషన్‌తో తీస్తారు, అలా బతికిన వాళ్లు ఉన్నారు. వాడికి కొద్దిగా లేవు. ఆ తండ్రి నా పక్కనే బెంచీ మీద కూర్చుని, "కాలు పోతే పోనీ అనింటే అయిపోతుండె గదా సారూ" అన్నాడు. నా దగ్గర మాట లేదు.

కాలు పోయినా బతుకు ఉంటుందని చెప్పడానికి మా స్కూల్లో పిల్లలకు నేను టెర్రీ ఫాక్స్ కథ చెబుతాను. కెనడా కుర్రాడు, బాస్కెట్‌బాల్ ఆటగాడు. 1976 చివర్లో కుడి మోకాలు నొప్పి పెట్టింది. సీజన్ అయ్యాక చూపించుకుందామని ఆగాడు. 1977 మార్చిలో ఆస్టియోసార్కోమా అని తేలి కాలు తీసేశారు. బతికే అవకాశం సగానికి సగం అన్నారు. రెండేళ్ల ముందైతే నూటికి 15 అనేవాళ్లమని కూడా చెప్పారు. 1980 ఏప్రిల్లో కృత్రిమ కాలితో దేశం దాటే పరుగు మొదలుపెట్టి 143 రోజుల్లో 5,373 కిలోమీటర్లు పరిగెత్తాడు. జబ్బు ఊపిరితిత్తులకు చేరి ఆగిపోయాడు. 1981 జూన్‌లో 22 ఏళ్లకు పోయాడు. ఆ పరుగు సంగతి అందరూ చెబుతారు. ఆటలు నేర్పే వాణ్ని కాబట్టి, సీజన్ అయ్యే దాకా ఆగిన ఆ రెండు మూడు నెలలే నాకు ఎక్కువ గుర్తుంటాయి.

ఇక యూయింగ్ సార్కోమా. ఇది కూడా పిల్లల జబ్బే, కానీ స్వభావం వేరు. 1920ల మొదట్లో జేమ్స్ యూయింగ్ అనే అమెరికా డాక్టర్ దీన్ని విడిగా గుర్తించారు. ఎముక నడిమధ్యలో, కటి ఎముకలో, పక్కటెముకల్లో వస్తుంది. జ్వరం ఉంటుంది, వాపు వేడిగా ఉంటుంది, రక్తపరీక్షలో ఒంట్లో వాపును చూపే ఈఎస్ఆర్ పెరుగుతుంది. అచ్చం ఎముకలో చీము పట్టినట్టే. కడప జిల్లా నుంచి వచ్చిన తొమ్మిదేళ్ల బాబు మా వార్డులో ఉండేవాడు. వాడి తొడను ఎక్కడో చీము అనుకుని కోసి, కడిగి, ఆరు వారాలు యాంటీబయాటిక్స్ వాడారు. కోసినప్పుడు వచ్చినదాన్ని ల్యాబ్‌కు పంపలేదు. చీము అని గట్టిగా నమ్మినా సరే, ఎముకలోంచి తీసింది ఏదైనా బయాప్సీకి పంపి తీరాలి. ఆ ఒక్క పని జరిగి ఉంటే వాడికి రెండు నెలలు మిగిలేవి. ఈ గడ్డ కణాల్లో 11, 22 క్రోమోజోముల ముక్కలు తారుమారై ఉంటాయట, ఆ పరీక్షతో ఖాయం చేస్తారు. కీమోకు బాగా కరుగుతుంది. ఆస్టియోసార్కోమా లొంగని రేడియేషన్‌కు ఇది లొంగుతుంది. అందుకని కోయడానికి వీల్లేని కటి ఎముకలో వచ్చినా దారి ఉంటుంది. ఎముక మజ్జలోకి పాకే గుణం ఉంది కాబట్టి అదీ పరీక్షిస్తారు. ఆ బాబు తొడ వాపు ఒక్క కీమోతోనే సగానికి తగ్గడం నేను చూశాను.

పెద్దవాళ్లలో కథ మళ్లీ మారుతుంది. మా పెదనాన్న కొడుక్కి 51 ఏళ్లు. తుంటి దగ్గర రెండేళ్లుగా సన్నగా నొప్పి. నరం నొక్కుకుందని మందులు వాడుతూ వచ్చాడు. తేలింది కాండ్రోసార్కోమా. మృదులాస్థిలో పుట్టే గడ్డ, చాలావరకు మెల్లగా పెరుగుతుంది. దీనికి కీమో గానీ రేడియేషన్ గానీ పెద్దగా పనిచేయవు. శుభ్రంగా, చుట్టూ మంచి కండతో కలిపి తీసేయడమే వైద్యం. 'మీ పాపకు అన్ని మందులిచ్చి నాకు ఒక్క బాటిలు కూడా ఎక్కించలేదు, నన్ను వదిలేశారా' అని మా అన్న కుమిలిపోయాడు. వదిలేయలేదని, ఆ జబ్బు తీరే అంతని నచ్చజెప్పడానికి నాకు నెల పట్టింది.

ఇరవై నుంచి నలభై ఏళ్ల మధ్య వాళ్లకు కీలు పక్కనే వచ్చే జెయింట్ సెల్ ట్యూమర్ ఉంది. అది మామూలుగా క్యాన్సర్ కాదు, కానీ ఎముకను తినేస్తుంది, గీకి తీసి సిమెంటు నింపినా కొందరికి తిరిగొస్తుంది. కుట్టుపని చేసుకునే ఒకామెకు కుడి మణికట్టులో వచ్చింది. దానికి క్యాన్సర్ అని పేరు పెట్టి ఊళ్లో పెళ్లి సంబంధం చెడగొట్టారు. నలభై దాటిన వాళ్ల ఎముకలో క్యాన్సర్ కనపడితే మాత్రం అది చాలావరకు వేరే చోటి నుంచి వచ్చిందే. రొమ్ము, ఊపిరితిత్తి, ప్రోస్టేట్, కిడ్నీ, థైరాయిడ్. లేకపోతే మజ్జలోనే పుట్టే మైలోమా. శెనక్కాయలు పీకే కాలంలో నడుం పట్టిందని ఏడాది పాటు బామ్ రాసుకున్న మా వీధి పెద్దమ్మకు అసలు గడ్డ రొమ్ములో ఉంది. సిగ్గుపడి కోడలికి కూడా చెప్పలేదు. ఆమెకు నడుముకు రేడియేషన్, రోజూ హార్మోన్ మాత్ర ఇచ్చారు. నొప్పి తగ్గి రెండేళ్లు తన పని తాను చేసుకుంది.

నా తోటి పీఈటీలకు, తల్లిదండ్రులకు ఒక మాట. పిల్లల కాళ్ల నొప్పులన్నీ క్యాన్సర్ కావు. చాలా అరుదుగా మాత్రమే అలా అవుతుంది. ఎదుగుదల నొప్పులైతే రెండు కాళ్లకూ వస్తాయి, పిక్కల్లో తొడల్లో ఉంటాయి, తెల్లారేసరికి పోయి పిల్లాడు గంతులేస్తాడు. ఆటలాడే పిల్లలకు మోకాలి చిప్ప కింద గుబ్బలా లేచి నొక్కితే నొప్పి పెట్టేది వేరే, అది ఆడితే పెరిగి ఆపితే తగ్గుతుంది. భయపడాల్సింది ఒకే కాలికి, ఒకే చోట, వేలు పెట్టి చూపించగలిగే నొప్పి. విశ్రాంతికి తగ్గనిది. నిద్రలో లేపేది. వాపు ఉన్నది. రెండు మూడు వారాలు దాటినది. వీటిలో రెండు కలిస్తే స్ప్రే పక్కన పెట్టి ఎక్స్‌రే తీయించండి. కీలుకు పైనా కిందా ఎముక కనపడేలా తీయమనండి. అనుమానంగా ఉంటే కోతకు ఒప్పుకోకుండా పెద్ద సెంటరుకు వెళ్లండి. నొప్పి మాత్రకు తగ్గిందని ఊరుకోవద్దు, మాకూ తగ్గింది.

అధికారులను అడిగేది కూడా ఉంది. స్కూల్ గేమ్స్ సెలెక్షన్లకు మేం తెచ్చే మెడికల్ సర్టిఫికెట్ మీద పిల్లాణ్ని చూడకుండానే స్టాంపు పడుతోంది. నేనూ అలా వేయించినవాణ్నే. ఏడాదికి ఒక్క రోజు పీఈటీలకు ఈ విషయం మీద శిక్షణ పెడితే ఉమ్మడి అనంతపురం జిల్లాలో ప్రతి హైస్కూలుకూ ఒక కన్ను ఏర్పడుతుంది. కర్నూలు మెడికల్ కాలేజీ ఆవరణలో స్టేట్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ కట్టారు. అక్కడ వారానికి ఒక రోజు ఎముక గడ్డల కోసమే ఎముకల సర్జన్, కీమో డాక్టర్, రేడియేషన్ డాక్టర్, స్కాన్లు చదివే డాక్టర్, బయాప్సీ చూసే డాక్టర్ ఒకే బల్ల చుట్టూ కూర్చోవాలి. ఆ రోజు ఏదో సీమ జిల్లాల్లో ప్రతి పీహెచ్‌సీ గోడ మీద రాసి ఉండాలి. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్న పథకం మందుకు, ఆపరేషన్‌కు ఆదుకుంటుంది. కానీ పది నెలల పాటు 200 కిలోమీటర్ల పైచిలుకు బస్సు ఛార్జీలు, గది అద్దె, పోయిన కూలి ఎవరిస్తారు? ఆ తొమ్మిదేళ్ల బాబు తండ్రి ఆసుపత్రి గేటు ముందు టెంకాయలు కొట్టే పనికి కుదిరి కొడుకు కీమో పూర్తి చేయించాడు. నాకు ఉద్యోగం ఉంది, జీతం వచ్చేది. ఆయనకు?

మా అమ్మాయి ఒక ఏడాది చదువు పోగొట్టుకుని ఇప్పుడు ఇంటర్‌లో ఉంది. పరిగెత్తకూడదు, మోకాళ్లు మడిచి గొంతుక్కూర్చోకూడదు. సెలవుల్లో మా గ్రౌండుకు వచ్చి స్టాప్‌వాచ్ పట్టుకుని పిల్లల టైమింగులు రాస్తుంది. ఎవరైనా కుంటితే నాకంటే ముందు తనే పిలిచి, "రాత్రి నొప్పి పెడ్తాందా?" అని అడుగుతుంది. పోయిన ఏడాది ఒక ఎనిమిదో తరగతి పిల్లను అలాగే ఎక్స్‌రేకు పంపించింది. ఏమీ లేదని వచ్చింది. ఆ పిల్ల వాళ్లమ్మ మా ఇంటికొచ్చి ఓళిగలు ఇచ్చి పోయింది.

మొదటి రెండేళ్లు మూడు నెలలకొకసారి ఛాతీ సీటీ తీసేవాళ్లు, ఇప్పుడు ఆరు నెలలకొకసారి. ఈ నెల 19న మళ్లీ ఉంది. రాత్రి బస్సుకు మూడు టికెట్లు తీశాను.

మా పాప పేరు బయటికి రాకూడదు కాబట్టి నా పేరు, స్కూలు పేరు వేయవద్దని మనవి.

ఇట్లు,
ఒక వ్యాయామ ఉపాధ్యాయుడు,
కళ్యాణదుర్గం, అనంతపురం జిల్లా.